చుండూరు మట్టికి నూరేళ్లు నిండాలా? - వారసత్వ పరిరక్షణ మీద కొన్ని ప్రశ్నలు

'చారిత్రక కట్టడాలను కాపాడుకోవాలి' అనే మాటకు ఎదురు చెప్పేవాళ్లు కనపడరు. పాలకులూ అంటారు, ప్రతిపక్షాలూ అంటాయి, పత్రికల ఆదివారం సంచికలూ అంటాయి. ఎవరూ ఎదురు చెప్పని మాటను మాత్రం మేం కాస్త అనుమానంగానే చూస్తాం. అందరూ ఒప్పుకున్నారంటే, ఒప్పుకోని వాడి గొంతు ఆ 'అందరి'లో లేదన్న మాట.

ముందే ఒక మాట చెప్పి మొదలుపెడతాం. మేం కట్టడాలు కూలిపోవాలని కోరుకునేవాళ్లం కాదు. గోలకొండ గోడ మీద అంతస్తులు లేపేవాడి పక్షాన మేం లేం. మా పేచీ కాపాడటంతో కాదు, దేన్ని కాపాడాలో తేల్చే చూపుతో. ఆ చూపుకు కులం వుంది. ఆ చూపు రాసుకున్న చట్టానికీ, తయారుచేసిన జాబితాకీ, పెట్టిన పేరుకీ కూడా కులం వుంది. ఇదే ఈ వ్యాసంలో మా వాదన.

జాబితాకెక్కే గోడలు

హైదరాబాదులో హుడా జోనింగ్ నిబంధనల్లోని 13వ నిబంధన కింద వారసత్వ కట్టడాల జాబితా వచ్చింది. 130కి పైగా కట్టడాలు అందులో వున్నాయి. 2015లో ఆ నిబంధనను తీసేశారు. 2017లో తెలంగాణ ప్రత్యేకంగా వారసత్వ చట్టం చేసింది. 2019లో ఇర్రమ్ మంజిల్‌ను పడగొట్టి అసెంబ్లీ కట్టాలన్న నిర్ణయాన్ని హైకోర్టు కొట్టేసింది. ఉస్మానియా ఆసుపత్రి పాత భవనం కోసం కూడా గట్టిగా మాట్లాడినవాళ్లున్నారు. ఇవన్నీ మంచి పోరాటాలే. కాదనం.

కానీ ఆ పోరాటాల భాషను గమనించండి. ఫలానా నవాబు కట్టించాడు, ఫలానా పాయిగా వంశం వుండేది, ఫలానా శైలి కమాను ఇంకెక్కడా లేదు. కట్టించినవాడు వున్నాడు, వున్నవాడు వున్నాడు. కట్టినవాడు లేడు. రాయి కొట్టిన వడ్డెర, గచ్చు సున్నం నూరిన ఆడమనిషి, తట్ట మోసిన కూలి, నీళ్లు తోడే మోటకు తోలు కుట్టిచ్చిన మాదిగ - వీళ్లు కట్టడంలో వున్నారు గాని కట్టడం చరిత్రలో లేరు.

రామప్ప గుడి సంగతే చూడండి. పాలంపేటలో కాకతీయుల సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించినట్టు శాసనం చెబుతోంది. జనం మాత్రం దాన్ని రుద్రుడి గుడి అనలేదు. రామప్ప అనే శిల్పి చెక్కాడని చెప్పుకుని, ఆ పేరుతోనే పిలుచుకుంటూ వచ్చారు. దేవుడి పేరూ కాదు, దొర పేరూ కాదు, పనివాడి పేరు. ఆ కథ నిజమా కాదా అనేది వేరే చర్చ. జనం తమ ఎంపికలో ఒక తీర్పు చెప్పారు, అది ముఖ్యం. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలోకి ఎక్కినప్పుడు ఆ గుడి 'కాకతీయ రుద్రేశ్వర' దేవాలయం అయింది. రామప్ప బ్రాకెట్లలోకి పోయాడు. గౌరవం పెరిగేకొద్దీ పనివాడు బ్రాకెట్లలోకి జరుగుతాడు! వారసత్వం అనే మాట ఎట్లా పనిచేస్తుందో చెప్పటానికి ఇంతకన్నా మంచి వుదాహరణ మాకు దొరకలేదు.

విధికుడు ఇచ్చిన పలక

ఇక కృష్ణ ఒడ్డుకు వద్దాం. అమరావతి స్తూపం కథను మన మేధావులు ఒక దోపిడీ కథగా చెబుతారు. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రినాయుడు వూరు కట్టిస్తుంటే దిబ్బలోంచి చలవరాళ్లు బయటపడ్డాయి. కాలిన్ మెకంజీ వచ్చి చూశాడు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించి మద్రాసు పంపాడు. వాటిలో చాలా భాగం 1859లో లండన్ చేరింది. బ్రిటిష్ మ్యూజియంలో ఇప్పటికీ వున్నాయి. వాటిని వెనక్కి తెచ్చుకోవాలని అడుగుతున్నారు. అడగాల్సిందే.

అయితే తెల్లవాడు ఎత్తుకుపోకముందే జరిగిన నష్టం సంగతేమిటి? రాళ్లను కట్టుబడికి, సున్నానికి వాడుకున్నది ఇక్కడివాళ్లే. బౌద్ధం ఈ నేల మీద ఎట్లా అంతరించిందన్న ప్రశ్నను పక్కకు పెట్టి, శిల్పాలు లండన్ ఎట్లా వెళ్లాయన్న ప్రశ్న ఒక్కటే అడగటం తెలివైన మరుపు. రెండో ప్రశ్నలో నేరస్తుడు పరాయివాడు. మొదటి ప్రశ్నలో నేరస్తుడు ఇంట్లోనే వున్నాడు.

అమరావతి శాసనాల్లో రాజుల కంటే మామూలు మనుషులే ఎక్కువ కనపడతారు. గృహస్తులు, వర్తకులు, భిక్షుణులు తాము ఇచ్చిన రాళ్ల మీద పేర్లు చెక్కించుకున్నారు. వాళ్లలో ఒకడు విధికుడు. అతని వృత్తిని శాసనం 'చమ్మకార' అని చెబుతుంది. అంటే తోలుపని చేసేవాడు. నాగుడనే ఉపాధ్యాయుడి కొడుకు. కుటుంబంతో కలిసి పూర్ణఘటం చెక్కిన పలకను స్తూపానికి దానమిచ్చాడు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. తోలుపని చేసేవాడు, ఉపాధ్యాయుడి కొడుకు. పవిత్ర స్థలంలో రాయి నిలబెట్టాడు, దాని మీద తన పేరూ తండ్రి పేరూ వృత్తీ దాచుకోకుండా రాయించాడు. అక్షరం అతనికి నిషిద్ధం కాదు. గుడి గడప అతనికి నిషిద్ధం కాదు. ఈ ఒక్క శాసనం చాలు, తోలు ముట్టినవాడు అనాదిగా అంటరానివాడేనన్న మాట అబద్ధమని చెప్పటానికి.

ఇక్కడ మాకు మేమే ఒక హెచ్చరిక చేసుకోవాలి. విధికుణ్ణి తీసుకొచ్చి నేటి మాదిగల పూర్వీకుడని ప్రకటించటం తేలిక. అది పరిశోధన కాదు. ఆనాటి చమ్మకారుడు వేరు, తర్వాత శతాబ్దాల్లో వూరి బయటికి నెట్టబడిన కులం వేరు. రెంటి మధ్యా గీత గీయాలంటే ఆధారం కావాలి. మేం అడిగేది వారసత్వ హక్కు పత్రం కాదు. ఒక ప్రశ్న: పలకను నిలబెట్టిన చేతికీ, గుడి గోడను తాకితే దెబ్బలు తిన్న చేతికీ మధ్య ఏం జరిగింది? అమరావతి గురించి మాట్లాడే ప్రతి ఒక్కరూ జవాబు చెప్పుకోవాల్సిన ప్రశ్న ఇది. శాతవాహనుల వైభవం గురించి పాఠ్య పుస్తకంలో పేజీలు వుంటే విధికుడికి ఒక్క వాక్యమైనా ఎందుకు వుండకూడదు?

పేరును మాత్రం బాగానే వాడుకున్నారు. 2015లో కొత్త రాజధానికి అమరావతి అని పేరు పెట్టి బుద్ధుణ్ణి ముందు నిలబెట్టారు. అదే రాజధాని భూ సమీకరణలో మొదట ప్రకటించిన ప్యాకేజీలో పట్టా భూమి ఇచ్చినవాళ్ల కంటే అసైన్డ్ భూమి ఇచ్చినవాళ్లకు తక్కువ వాటా రాశారు. అసైన్డ్ భూమి ఎవరి చేతుల్లో వుంటుందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. బుద్ధుడి పేరు రాజధానికి, కోత మాత్రం వాడకి!

నాగార్జునకొండలో ఇంకో పాఠం వుంది. ప్రాజెక్టు నీళ్లు వచ్చేలోపు 1954 నుంచి 1960 దాకా లోయనంతా తవ్వారు. ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి కొండ మీదకీ, అనుపుకీ తరలించి మళ్లీ నిలబెట్టారు. గొప్ప పనే. రాయిని జాగ్రత్తగా విప్పి, మోసి, వున్నట్టే నిలబెట్టాలన్న శ్రద్ధ ఈ దేశానికి తెలుసు. లోయలో బతికిన మనుషుల విషయంలో ఆ శ్రద్ధ ఏమైంది? రాళ్లు తరలిన కథ ఎక్కడైనా చదువుకోవచ్చు. మనుషులు తరలిన కథను ముసలివాళ్ల నోటి నుంచి వెతుక్కోవాలి.

నూరేళ్ల జల్లెడ

1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ఒక కట్టడాన్నో స్థలాన్నో 'ప్రాచీన'మని గుర్తించాలంటే కనీసం నూరేళ్లు వుండాలంటుంది. చూడటానికి ఇది ఎవరి పక్షమూ వహించని అంకె. కానీ ఆ అంకెను వాడ పక్కన నిలబెట్టి చూడండి.

నూరేళ్లు నిలవాలంటే రాయి కావాలి, గచ్చు కావాలి, అన్నింటికీ మించి కాళ్ల కింద నేల తనదై వుండాలి. తాటాకు కప్పు, మట్టి గోడ నూరేళ్లు నిలవవు. నిలిచేట్టు కట్టుకోనిచ్చారా? వూరి బావిలో నీళ్లు తోడనివ్వనివాళ్లు పెంకుటిల్లు కట్టనిస్తారా? శతాబ్దాల పాటు ఒక జనాన్ని నిలిచే కట్టడం కట్టుకోనివ్వకుండా ఆపి, ఆ తర్వాత నిలిచిన కట్టడానికే చరిత్ర వుందని చట్టం చేయటం - ఇదీ జల్లెడ. గింజ ఎవరిదో, పొట్టు ఎవరిదో జల్లెడ పట్టకముందే తేలిపోయింది.

పోనీ నూరేళ్లు దాటినవాటిని చూశారా? అదీ లేదు. 1876-78 కరువులో, మనవాళ్లు ధాత కరువు అని చెప్పుకునే కరువులో, ఒంగోలు ప్రాంతంలో బకింగ్‌హాం కాలువ తవ్వకం పని జరిగింది. అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని కరువు జనానికి, ముఖ్యంగా మాదిగలకు, పని పెట్టాడు. కరువు తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. దీన్ని మతమార్పిడి అంకెగా తిట్టేవాళ్లు తిడతారు, మిషను విజయంగా పొగిడేవాళ్లు పొగుడుతారు. మేం ఇంకోరకంగా చూడమంటున్నాం. ఆకలితో కాలువ తవ్విన జనం, తమను మనుషులుగా లెక్కపెట్టే చోటును వెతుక్కుంటూ మూకుమ్మడిగా తీసుకున్న నిర్ణయం అది. ఆ కాలువ గట్టూ, ఆ రేవూ ఆంధ్రదేశపు సామాజిక చరిత్రలో ఏ కోటకూ తీసిపోవు. నూరేళ్లు ఎప్పుడో దాటాయి. కాలువను ఇంగ్లీషువాడి ఇంజనీరింగుగా చూసే కన్ను అందులో దిగిన మనుషుల్ని చూడదు. కాబట్టి అడ్డం వయసు ఒక్కటే కాదు, చూపు కూడా.

హైదరాబాదులోనే చాదర్‌ఘాట్‌లో ఆది హిందూ భవనం వుంది. భాగ్యరెడ్డి వర్మ (1888-1939) 1906లో జగన్మిత్ర మండలి పెట్టి, 1911లో మాన్య సంఘం పెట్టి, నిజాం రాజధానిలో అంటరాని పిల్లల కోసం బడుల మీద బడులు తెరిచాడు. 1917లో బెజవాడ సభలో 'పంచమ' అన్న పేరును తోసేసి 'ఆది ఆంధ్ర' అన్న పేరును నిలబెట్టిన అధ్యక్షుడు ఆయనే. ఆ బడులు ఎన్ని గదుల్లో, ఏ వీధుల్లో నడిచాయో ఒక పటం మన దగ్గర వుందా? అరిగె రామస్వామి, బి.ఎస్. వెంకటరావు సభలు పెట్టిన చోట్లను గుర్తుపెట్టుకున్నామా? 2024లో మూసీ ప్రక్షాళన పేరుతో చాదర్‌ఘాట్ చుట్టుపక్కల బస్తీల ఇళ్లకు గుర్తులు వేసి కొన్నింటిని కూల్చారు. నది ఒడ్డు అందంగా వుండాలన్న చర్చలో ఆ ఒడ్డున ఎవరు ఎందుకు స్థిరపడ్డారన్న చరిత్ర రాలేదు. బస్తీ పోతే ఇళ్లే పోవు. ఏ గదిలో రాత్రి బడి నడిచిందో చెప్పగలిగిన మనిషీ చెదిరిపోతాడు.

సమాధులే సాక్షులైన చోట

అసలు విషయానికి వస్తాం. 1985 జూలై 17న కారంచేడు. బతికినవాళ్లు చీరాల చేరారు, తిరిగి ఆ వూరు పోమన్నారు. దళిత మహాసభ అక్కడే పుట్టింది. 1991 ఆగస్టు 6న చుండూరు. ఎనిమిది మందిని చంపారు. శవాలను ఎప్పటిలా వూరి చివరికి మోసుకుపోలేదు. వూరి నడిబొడ్డునే పూడ్చారు. ఆ చోటుకు రక్తక్షేత్రం అని పేరు పెట్టుకున్నారు.

ఇది ఎంత పెద్ద పనో గమనించాలి. బతికుండగా వూరి మధ్య నడవటానికి ఆంక్షలున్న జనం, చచ్చిన తర్వాత వూరి మధ్యనే నిలబడ్డారు. ఏ శాఖ అనుమతీ అడగకుండా, ఏ జాబితా కోసమూ చూడకుండా, దళితులు తమకు తాము నిర్మించుకున్న చారిత్రక స్థలం అది.

ఆ తర్వాత కథ అందరికీ తెలుసు. పోరాడి నేరం జరిగిన వూళ్లోనే ప్రత్యేక కోర్టు తెచ్చుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ వదిలేసింది. దాని మీద సుప్రీంకోర్టుకు పోయారు. హైకోర్టు తీర్పు ప్రకారం అయితే ఎనిమిది మందిని ఎవరూ చంపలేదు. కాగితం అట్లా అంటుంది. మట్టి అట్లా అనదు. ఎనిమిది సమాధులు వరసగా నిలబడి వున్నంతకాలం ఆ కాగితాన్ని ఎవరూ ప్రశాంతంగా చదవలేరు.

మనకు పరిరక్షణ అంటే అర్థం ఇదీ. ఇది పర్యాటకం కాదు, అందం కాదు, శైలి కాదు. సాక్ష్యం. చట్టం లెక్కన అయితే రక్తక్షేత్రం 2091 దాకా ఆగాలి. చుండూరు మట్టికి నూరేళ్లు నిండేదాకా ఎవరు ఆగుతారు? తెలుగులో నూరేళ్లు నిండటం అంటే ఏమిటో మనకు తెలుసు. ఆ స్థలం రోడ్డు వెడల్పులో పోవచ్చు, పంచాయితీ రికార్డులో ఇంకో పేరుతో ఎక్కవచ్చు, చూసిన కళ్లు ఒక్కొక్కటే మూసుకుపోవచ్చు. సాక్షి పోయాక స్మారకం కట్టి లాభమేమిటి?

మన వైపు తప్పులు

ఇదంతా ఎదుటివాళ్ల మీద వేసి చేతులు దులుపుకుంటే అది విమర్శ కాదు. మనమూ కొన్ని చెప్పుకోవాలి.

2023లో హైదరాబాదులో, 2024లో విజయవాడలో 125 అడుగుల అంబేద్కర్ విగ్రహాలు లేచాయి. చూసి గుండె నిండని దళితుడు వుండడు. మాకూ నిండింది. కానీ విగ్రహం ప్రభుత్వం ఇవ్వగలిగినది. స్థలం మనం సంపాదించుకున్నది. ఇచ్చినదాన్ని చూసి సంపాదించుకున్నదాన్ని మరిచిపోతున్నాం. మనం చదువుకున్న పాత హాస్టలును పడగొడుతుంటే కొత్త బిల్డింగు వస్తుందని సంతోషించాం. తాతలు మట్టి మోసి కట్టుకున్న చిన్న చర్చిని కొట్టేసి స్లాబు పోసుకున్నాం. ఒక్క ఫోటో అయినా తీశామా?

ఏ స్థలం ఎవరిది అన్న దగ్గర కూడా మనలో మనకు లెక్కలున్నాయి. 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో మొదలైన దండోరా ఈ రాష్ట్రాల రాజకీయాన్నే మార్చేసింది. దళిత చరిత్ర స్థలాల గురించి రాసేటప్పుడు కొందరు కారంచేడు, చుండూరు దగ్గర ఆగిపోతారు, ఈదుముడి దాకా రారు. టి.ఎన్. సదాలక్ష్మి మాట్లాడిన వేదికలు, నడిచిన వీధులు మన మగ పరిశోధకుల పటాల్లో ఎక్కడున్నాయి? బ్రాకెట్లలో పెట్టే అలవాటు వాళ్లకే కాదు, మనకీ వుంది.

ఏం చేయాలి?

అన్నింటినీ రక్షిత కట్టడాలుగా ప్రకటించమని పిటిషన్లు పెట్టటం ఒక దారి. దానిలో ఒక ప్రమాదం వుంది. 2010లో సవరించిన చట్టం ప్రకారం కేంద్ర రక్షిత కట్టడం చుట్టూ 100 మీటర్లు నిషేధిత ప్రాంతం, ఆపైన 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. అంటే సమాధికి రక్షణ అడిగి పక్కనే వున్న వాడలో గది వేసుకోకుండా మనమే తాళం వేసుకోవచ్చు. కట్టడం బతకటానికి మనిషి కదలాల్సి వచ్చే పరిరక్షణ మనకొద్దు.

మహారాష్ట్ర దళితులు ఇంకో దారి చూపించారు. 1927లో అంబేద్కర్ వెళ్లిన కోరేగాం స్తంభం, అదే సంవత్సరం నీళ్లు తాగిన మహాడ్ చెరువు, 1956 నాటి దీక్షాభూమి - వీటిని నిలబెట్టింది పురావస్తు శాఖ కాదు, ఏటేటా నడిచి వెళ్లే లక్షల కాళ్లు. అక్కడా పోగొట్టుకున్నవి వున్నాయి. 1848లో ఫూలే దంపతులు ఆడపిల్లల బడి తెరిచిన పుణే భిడే వాడా ఏళ్ల తరబడి శిథిలమై, చివరికి స్మారకం కట్టటం కోసమే 2023లో నేలమట్టం అయింది. స్మారకం వస్తుంది. ఆ గోడలు రావు.

కాబట్టి మేం చెప్పేవి చిన్న పనులు. ప్రతి వాడకీ ఒక స్థలాల పుస్తకం కావాలి. మొదట నీళ్లు తోడిన బావి, మొదటి బడి, సభ జరిగిన చింతచెట్టు, దాడి జరిగిన కాలువ గట్టు, సమాధులు - ఎక్కడున్నాయి, సర్వే నంబరు ఎంత, రికార్డులో ఎవరి పేరున వుంది. ముసలివాళ్లు చెప్పింది చెప్పినట్టు, వాళ్ల మాటల్లోనే రాయాలి. చరిత్ర శాఖల్లో చదువుతున్న మన పిల్లలు ఒక్కొక్కరు ఒక్కో వూరు తీసుకున్నా పదేళ్లలో ఒక పటం తయారవుతుంది. శ్మశానాల, సమాధుల భూమిని రికార్డులో సంఘం పేరున ఎక్కించుకోవాలి. ప్రభుత్వాన్ని అడగాల్సింది కూడా వుంది: నూరేళ్ల నిబంధనతో పనిలేకుండా సామాజిక పోరాట స్థలాలకు వేరే గుర్తింపు, పక్క ఇళ్లను కదపని గుర్తింపు. అమరావతి మ్యూజియంలో ఒక పలకైనా తోలుపని విధికుడి గురించి చెప్పాలి.

విధికుడు తన పేరు రాయి మీద రాయించాడు కాబట్టి దాదాపు 2,000 ఏళ్ల తర్వాత అతని గురించి మాట్లాడుకుంటున్నాం. అతని తర్వాత ఎంతమంది చెక్కారు, కుట్టారు, తవ్వారు, మోశారు. వాళ్లకు రాయి దొరకలేదు. మా ఇళ్లల్లో బడికెక్కిన మొదటి తరం మాది. మాకు కాగితం దొరికింది. ఆ కాగితం మీద ముందు రాయాల్సింది ఆ పేర్లే, ఆ చోట్లే.